మూత్రపు గొట్టము మూసికొనిపోకుండ కాపాడుట

వెన్నుపాము దెబ్బతినినవారికి, ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము వెడలనివారికి, మరికొన్ని వ్యాధులతో మంచము పట్టినవారికి వైద్యులు మూత్రాశయములోనికి మెత్తని గొట్టమును ప్రవేశపెట్టుదురు. దీనినే కాథెటర్ అందురు. దాని కొనయందలి చిన్న బుడగను శుద్ధజలముతో నింపుటవలన గొట్టము జారిపోక నిలుచును. 1930 దశకములో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ ఇట్టి గొట్టమును వాడుకలోనికి తెచ్చెను. నేటికిని అది ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

ఆసుపత్రిలో నున్నంతకాలము నర్సులు గొట్టమును కనిపెట్టియుందురు. రోగి ఇల్లు చేరిన పిదప ఆ బాధ్యత ఇంటివారిదగును. వారు ముఖ్యముగా తెలిసికొనవలసినది ఒక్కటే: గొట్టములో మూత్రము ఆగినచో తెల్లవారువరకు వేచియుండరాదు.

ఎందుకు మూసికొనును?

కొన్ని కారణములు కంటికి కనిపించునవే. రోగి గొట్టముపై పండుకొనుట, గొట్టము మెలిపడుట, సంచి నిండిపోవుట, సంచిని మూత్రాశయముకంటె ఎత్తున నుంచుట అట్టివి. మలబద్ధకము కూడ ఒక కారణమే. పేరుకొనిన మలము ప్రక్కనున్న మూత్రాశయమును, గొట్టమును నొక్కును. ఒక్కొక్కప్పుడు నెత్తురు గడ్డలు అడ్డుపడును.

కంటికి కనిపించని కారణము మరియొకటి కలదు. గొట్టము చాలకాలమున్నచో దానిపై సూక్ష్మజీవులు చేరును. వీనిలో ప్రోటియస్ అనునది మూత్రములోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టించును. అందువలన మూత్రమునకు క్షారగుణము హెచ్చి, కాల్షియము, మెగ్నీషియము ఫాస్ఫేటులు కరిగియుండక గట్టిపడును. నీళ్లు కాచు బిందె అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే ఇవి గొట్టములోపల పేరుకొని దారిని మూసివేయును.

నిత్యము చేయవలసినవి

గొట్టమును ముట్టుటకు ముందును, తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గొట్టము శరీరములో ప్రవేశించుచోటును ప్రతిదినము సబ్బుతో, మంచినీటితో శుభ్రపరుపవలెను. గొట్టమును తొడకు వదులుగా అంటించి, లాగుడు పడకుండ చూడవలెను. సంచి ఎల్లప్పుడు మూత్రాశయముకంటె దిగువగా వ్రేలాడవలెను. కాని నేలను తాకరాదు. మూడింట రెండు పాళ్లు నిండకముందే దానిని ఖాళీ చేయవలెను. గొట్టమును సంచినుండి అనవసరముగా విడదీయరాదు.

వైద్యులు వారింపనిచో నీరు, మజ్జిగ మొదలగు ద్రవములను దినమంతయు కొద్దికొద్దిగా పుచ్చుకొనవలెను. గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. కూరగాయలు, పండ్లు తినుటవలన మలబద్ధకము తగ్గును.

గొట్టము వేసిన తేదీని వ్రాసియుంచుట చాల మేలు. సిలికాన్ గొట్టము సాధారణముగా 12 వారములవరకు ఉండవచ్చును. కాని కొందరికి మూడు వారములకే మూసికొనును. అట్టివారి తేదీలను చూచి, మూసికొనుటకు ముందే మార్చునట్లు వైద్యుడు ఏర్పాటు చేయగలడు. మాటిమాటికి మూసికొనుచున్నచో మూత్రాశయములో రాళ్లున్నవేమో పరీక్షింపవలసియుండును.

మూత్రము ఆగినచో

సంచిలోనికి మూత్రము దిగకుండుట, గొట్టము ప్రక్కలనుండి కారుట, పొత్తికడుపు ఉబ్బి నొప్పిపెట్టుట అడ్డు పడినదనుటకు గుర్తులు. మొదట మెలికలు సరిచేసి, సంచిని ఖాళీ చేసి, దిగువగా వ్రేలాడదీసి, రోగిని ప్రక్కకు త్రిప్పి చూడవలెను. అప్పటికిని మూత్రము రానిచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. శిక్షణ లేనివారు గొట్టములోనికి నీరు ఎక్కింపరాదు. గొట్టమును బలవంతముగా లాగరాదు. నిండియున్న బుడగ మూత్రమార్గమును చీల్చి నెత్తురు కారునట్లు చేయును.

తొందర యెందుకనగా, మూత్రపిండములు దినమునకు సుమారు ఒకటిన్నర లీటరు, అనగా గంటకు 60 మిల్లీలీటర్లు మూత్రమును తయారుచేయును. మూత్రాశయములో పట్టునది సాధారణముగా 400 మొదలు 500 మిల్లీలీటర్లే. చాలకాలము గొట్టమున్నవారిలో అది ముడుచుకొనియుండుటవలన ఇంకను తక్కువే పట్టవచ్చును. రాత్రి పడుకొనునప్పుడు ఆగిన మూత్రము తెల్లవారకమునుపే నిండిపోయి మూత్రపిండములవైపు వెనుకకు ఎగదన్నవచ్చును. దానితో సూక్ష్మజీవులు రక్తములో చేరు ప్రమాదము కలదు. చలితో కూడిన జ్వరము దానికి సూచన.

మెడ వద్దగాని, ఛాతీ పైభాగమునగాని వెన్నుపాము దెబ్బతినినవారికి మరియొక అపాయము కలదు. మూత్రాశయము నిండినంతనే రక్తపోటు హఠాత్తుగా పెరిగి, తీవ్రమైన తలనొప్పి, ముఖము ఎఱ్ఱబడుట, చెమటలు కలుగవచ్చును. ఇది ప్రాణాపాయకరము. రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, గొట్టము మెలికలు చూచి, తక్షణము వైద్యసహాయము పొందవలెను.

ఈ జాగ్రత్తలకు డబ్బు పెద్దగా అక్కరలేదు. దీపమార్పుటకు ముందు ఇంటివారిలో ఒకరు సంచిని, గొట్టమును ఒకసారి పరికించుట అలవాటు చేసికొనినచో రోగి నిశ్చింతగా నిద్రింపగలడు.