బోరు చేయించిన పాత కారు: మొదటి వెయ్యి కిలోమీటర్ల అపోహలు – వాస్తవాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు పదేళ్లకు ముందే ఆగింది. అయినా ఈ కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇంజిన్ దించి, బ్లాకు బోరు కొట్టించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయిస్తారు. ఖర్చుకు వెనుకాడరు. తీరా బండి రోడ్డెక్కే సమయానికి మాత్రం తలా ఒక సలహా చెబుతారు. వాటిలో సగం సలహాలు చేయించిన పనినే పాడుచేస్తాయి.

అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ పెట్రోల్ ఇంజిన్ గానీ, పద్మినిలోని 1089 సీసీ ఫియట్ ఇంజిన్ గానీ అరవై ఏళ్లు పైబడిన డిజైన్లు. వీటికి కావలసింది గారాబమూ కాదు, మొరటుతనమూ కాదు. మితమైన లోడు, మారుతూ ఉండే వేగం, శుభ్రమైన ఆయిల్ ఉంటే చాలు.

అపోహ 1: స్టార్ట్ చేసి గంటసేపు ఐడిలింగ్‌లో వదిలేస్తే ఇంజిన్ ‘ఫ్రీ’ అవుతుంది.

వాస్తవం: కొత్త క్యామ్‌షాఫ్ట్‌కు ఇంతకు మించిన హాని లేదు. ఈ ఇంజిన్లలో క్యామ్ లోబు, టాపెట్ అడుగు నేరుగా ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. ఇప్పటి చాలా కార్లలో ఉన్నట్టు మధ్యలో రోలర్ ఉండదు. లోబు అంచు కొద్దిగా వాలుగా, టాపెట్ అడుగు కంటికి కనబడనంత ఉబ్బుగా ఉండటం వల్ల టాపెట్ తన చుట్టూ తాను తిరుగుతుంది. ఆ తిరుగుడుతోనే రెండు ఉపరితలాలూ సమంగా కుదురుకుంటాయి. తిరగని టాపెట్ కొద్ది నిమిషాల్లోనే లోబును గీరేస్తుంది.

లోబుల మీదికి ఆయిల్ ప్రధానంగా క్రాంకు చిమ్మే తుంపరల ద్వారానే అందుతుంది. ఐడిలింగ్‌లో క్రాంకు నెమ్మదిగా తిరుగుతుంది, తుంపర చాలదు. వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడి మాత్రం ఏమీ తగ్గదు. అందుకే కొత్త క్యామ్, టాపెట్లు వేసినప్పుడు ఇంజిన్ అంటుకున్న క్షణం నుంచే వేగం సుమారు 2000 ఆర్‌పీఎంకు పెంచి, ఇరవై నిమిషాలపాటు 1500 నుంచి 2500 మధ్య మారుస్తూ ఉండాలి. మామూలు అంబాసిడర్‌లో ఆర్‌పీఎం మీటరు ఉండదు కాబట్టి మెకానిక్ దగ్గరి ట్యాకోమీటరు తగిలించుకోవాలి.

దీనికి ముందే సిద్ధం కావాలి. బిగించేటప్పుడే లోబులకు, టాపెట్లకు అసెంబ్లీ పేస్టు పూయాలి. ఇగ్నిషన్ టైమింగ్ సరిచూసుకోవాలి. కార్బురేటర్‌లో పెట్రోలు, రేడియేటర్‌లో నీళ్లు నిండుగా ఉండాలి. అంటుకోక పదేపదే సెల్ఫ్ కొడుతుంటే పూసిన పేస్టు తుడిచిపెట్టుకుపోతుంది. మధ్యలో లీకు కనిపిస్తే ఇంజిన్ పూర్తిగా ఆపి సరిచేయాలి. ఐడిలింగ్‌లో ఉంచి సరిచేయకూడదు.

అపోహ 2: మొదటి వెయ్యి కిలోమీటర్లు 40 దాటకుండా నడపాలి.

వాస్తవం: మెల్లగా నడపడం వేరు, ఇంజిన్‌కు మేలు చేయడం వేరు. బోరు కొట్టాక హోనింగ్‌తో సిలిండర్ గోడ మీద ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నని వాలు గీతలు వేస్తారు. ఈ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. వాటి పదునైన కొసలు అరుగుతూ, రింగులను అరగదీస్తూ రెండింటినీ ఒకదానికొకటి సరిపోయేలా చేస్తాయి. రింగు కుదురుకోవడమంటే ఇదే.

రింగును గోడకు అదిమేది దాని సొంత స్ప్రింగు బలం ఒక్కటే కాదు. మండిన గ్యాసు రింగు వెనక్కి చేరి బయటికి నెడుతుంది. అసలు ఒత్తిడి అక్కడిదే. యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా నడిపితే ఆ గ్యాసు ఒత్తిడి చాలదు. రింగు గోడను సరిగ్గా పట్టకముందే కాలిన ఆయిల్ గీతల్లో పేరుకుని గోడ అద్దంలా నునుపెక్కుతుంది. దీన్నే గ్లేజింగ్ అంటారు. ఆ తర్వాత రింగులు కుదురుకోవు. ఆయిల్ తాగడం మొదలవుతుంది. మళ్లీ ఇంజిన్ విప్పి హోనింగ్ చేయించడం తప్ప దారి ఉండదు.

క్యామ్ పని ముగిశాక ఖాళీ రోడ్డు చూసుకుని, మూడో గేరులో 30 నుంచి 55 కి.మీ. వేగం వరకు యాక్సిలరేటర్ సగానికి పైగా తొక్కుతూ తీసుకెళ్లాలి. తర్వాత కాలు పూర్తిగా తీసి, గేరులోనే బండిని నెమ్మదించనివ్వాలి. ఎక్కేటప్పుడు గ్యాసు రింగులను గోడకు అదుముతుంది. తగ్గేటప్పుడు సిలిండర్‌లో పుట్టే వాక్యూమ్ కొద్దిగా ఆయిల్‌ను పైకి లాగి అరిగిన రజను కడుగుతుంది. ఇలా పదిసార్లు చేస్తే రింగులకు మంచి ఆరంభం దొరుకుతుంది.

ఆ తర్వాతి వెయ్యి కిలోమీటర్లూ వేగం మారుస్తూ నడపాలి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద గంటసేపు ఒకే వేగంతో పోవడం దీనికి పనికిరాదు. ఇంజిన్ ఆపకుండా సిగ్నళ్ల దగ్గర నిలబెట్టడం కూడా అంతే.

అపోహ 3: టాప్ గేరులో మెల్లగా పోతే ఇంజిన్‌కు శ్రమ ఉండదు.

వాస్తవం: శ్రమంతా అప్పుడే ఉంటుంది. 25 కి.మీ. వేగంలో టాప్ గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మూలుగుతుంది. ఆయిల్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది. పిస్టన్ మీది బరువంతా కొత్త బేరింగుల మీద పడుతుంది. పాత ఇంగ్లిష్ కార్ల హ్యాండ్‌బుక్కులు వేగానికి హద్దు పెట్టడమే కాక, ఏ గేరులోనూ ఇంజిన్‌ను మూలగనివ్వొద్దని కూడా హెచ్చరించేవి. జనానికి మొదటి మాటే గుర్తుండిపోయింది. శ్రీశైలం, అరకు లాంటి ఘాట్ రోడ్లు మొదటి వెయ్యి తర్వాతకు ఉంచుకోండి. తప్పనిసరైతే ముందుగానే కింది గేరు వేయండి.

అపోహ 4: కొత్త ఇంజిన్ బిగుసుకునే ఉంటుంది. సెల్ఫ్ తిప్పలేకపోతే తాడు కట్టి లాగాలి.

వాస్తవం: కొత్త రింగుల వల్ల కొంత బిగువు సహజమే. స్టార్టర్ మోటారు తిప్పలేనంత బిగువుంటే కొలతల్లో తప్పుందని అర్థం. బేరింగులు రాసుకుని అరిగి వదులవుతాయనే నమ్మకం చాలా ప్రమాదకరం. క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఆయిల్ పొర ఉండాలి. దాని చోటును బిగించేటప్పుడే కొలిచి ఉంచాలి. లాగి తిప్పితే ఆ తప్పు బయటపడదు, గ్రైండింగ్ చేయించిన క్రాంకు గీసుకుపోతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఆయిల్ ప్రెషర్ లేచేదాకా సెల్ఫ్‌తో విడతలుగా తిప్పాలి. ప్లగ్గులు లేకపోతే కంప్రెషన్ ఉండదు. బేరింగుల మీద బరువు పడకముందే ఆయిల్ అన్నిచోట్లకూ చేరుతుంది.

అపోహ 5: ఎంత ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోస్తే అంత మంచిది.

వాస్తవం: ఇలాంటి పాత ఇంజిన్ రన్నింగ్-ఇన్‌కు మినరల్ ఆయిలే సరైనది. ఎలాగూ కొద్దిరోజుల్లోనే పారబోయాల్సిన ఆయిల్ అది. ధర కంటే దానిలో ఏముందన్నదే ముఖ్యం. క్యామ్, టాపెట్లను కాపాడేది జింక్, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ అనే రసాయనం. ఫాస్ఫరస్ వల్ల కెటాలిటిక్ కన్వర్టర్లు పాడవుతాయి. అందుకే 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి మించనివ్వడం లేదు. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడులకు ఆ పరిమితి లేదు. కొత్త కారుకు మేలైన పల్చటి ఆయిల్ అంబాసిడర్ క్యామ్‌కు చాలకపోవచ్చు.

అపోహ 6: కొత్త ఇంజిన్ వేడెక్కుతుంది కాబట్టి థర్మోస్టాట్ తీసేయాలి.

వాస్తవం: మన ఎండలను సాకుగా చూపి ఎన్నో షెడ్లలో దీన్ని తీసి పారేస్తారు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ పనిచేయాల్సిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు. చల్లటి సిలిండర్ గోడల మీద ఆవిరి కాని పెట్రోలు ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగి, ఆయిల్‌ను పల్చబరుస్తుంది. కొత్త రింగులకు అది విషం లాంటిది. మొదట్లో టెంపరేచర్ మీటరు ముల్లు కొద్దిగా పైన నిలిస్తే ఫర్వాలేదు. నీళ్లు మరిగితే మాత్రం రేడియేటర్, టైమింగ్, గాలి బుడగ, ఫ్యాన్ బెల్టు చూడాలి. థర్మోస్టాట్ మీద నింద వేయకూడదు.

అపోహ 7: కొత్త ఆయిల్‌ను 5000 కి.మీ. దాకా కదిలించనక్కర్లేదు.

వాస్తవం: మొదటి ఇరవై నిమిషాల్లోనే అసెంబ్లీ పేస్టు, లోహపు రజను, బ్లాకు మూలల్లో మిగిలిన గ్రైండింగ్ మురికి ఆయిల్‌లోకి చేరతాయి. క్యామ్ పని కాగానే ఆయిల్, ఫిల్టరు మార్చాలి. 500 కి.మీ. దగ్గర మళ్లీ, 1500 దగ్గర ఇంకోసారి మార్చాలి. పాత ఫిల్టరును కోసి చూడండి. బూడిదరంగు మెరుపు కాస్త కనిపించడం సహజం. రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే బండి కదపొద్దు.

అపోహ 8: ఒకసారి బిగించిన హెడ్‌ను మళ్లీ ముట్టుకోకూడదు.

వాస్తవం: ఈ పాత ఇంజిన్ల హెడ్ గ్యాస్కెట్ వేడెక్కి చల్లారాక కొంచెం అణుగుతుంది. అందుకే మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మాన్యువల్ చెప్పిన వరుసలో, చెప్పిన టార్కుతో హెడ్ నట్లు మళ్లీ బిగించాలి. హెడ్ కిందికి దిగితే వాల్వ్ క్లియరెన్సు మారుతుంది. కాబట్టి వెంటనే టాపెట్లు సరిచేయాలి. మళ్లీ బిగించనక్కర్లేదని రాసి ఉన్న కొత్తరకం గ్యాస్కెట్ అయితే ఆ సూచననే పాటించాలి.

అపోహ 9: సైలెన్సర్‌లో పొగ కనిపిస్తే బోరింగ్ పాడైనట్టే.

వాస్తవం: బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలడం వల్ల మొదట పొగ వస్తుంది. రింగులు కుదురుకునేదాకా ఆయిల్ కొంత తగ్గుతుంది. వారానికోసారి డిప్‌స్టిక్ చూసి రాసిపెట్టుకోండి. తగ్గుదల తగ్గుతూ పోతే రింగులు కుదురుతున్నట్టే. 1500 కి.మీ. దాటాకా నీలిపొగ ఆగకపోతే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. కాలు తీసి మళ్లీ తొక్కినప్పుడే పొగ వస్తుంటే రింగుల కంటే ముందు వాల్వ్ గైడ్లను అనుమానించాలి.

ఇంజిన్ కట్టడం మేస్త్రి పని. దాన్ని కుదుర్చుకోవడం నడిపేవాడి పని. మొదటి స్టార్ట్ మీరు లేనప్పుడు చేయొద్దని మెకానిక్‌కు ముందే చెప్పండి. ఆ రోజు దగ్గరే ఉండి ఆయిల్ ప్రెషర్, వేడి మీరే చూడండి. క్యామ్ కొత్తదా పాతదా, ఏ ఆయిల్ పోశారు, హెడ్ మళ్లీ ఎప్పుడు బిగించాలి అన్నది అడిగి కాగితం మీద రాయించుకోండి. ఈ మూడు ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే మేస్త్రి చేతికే మీ పాత బండిని అప్పగించండి.