పట్టా చేతికి వచ్చిన పిమ్మట

ఆసిఫాబాదులో గాని, కాగజ్‌నగరులో గాని 'కోచింగు' అనిన తోడనే మనకు తలపునకు వచ్చునది పోటీ పరీక్ష. ఉపాధ్యాయ నియామకములు, పోలీసు ఉద్యోగములు, బ్యాంకు కొలువులు—వీనికై అప్పుచేసి నగరమునకు పోయి చదువుకొను పిల్లలను ఎరుగని గ్రామము లేదు. ఇప్పుడా మాటకు మరియొక అర్థము వచ్చి చేరినది. మనుష్యుని పరీక్షకు గాక బ్రతుకునకే సిద్ధపరచెదమనువారు బయలుదేరిరి. వారిని లైఫ్ కోచ్ అందురు. కొన్ని నెలలు శిక్షణ పొంది, యోగ్యతాపత్రము చేతబట్టి, రుసుము పుచ్చుకొని, ఎదుటివానితో అతని జీవితమును గూర్చియే సంభాషించుట వీరి వృత్తి.

ఇది విని బడిపంతుళ్లు నవ్వుకొందురేమో! "ఈ పనిని మేము ముప్పది యేండ్లుగా ఊరకనే చేయుచున్నాము గదా!" అందురు. నిజమే. కాని ఆ పత్రమునకై డబ్బు పోయువారిలో మన శిష్యులే ఉండవచ్చును. పత్రము చేతికి వచ్చిన మరునాడు వారేమి చేయవలెనో ఆలోచించుట మనకు తగని పని కాదు.

కోచ్ అను మాట పుట్టుక చిత్రమైనది. హంగరీ దేశములో కొచ్ అనునొక గ్రామము కలదు. పదునైదవ శతాబ్దిలో అచ్చటి వడ్రంగులు తేలికయైన గుఱ్ఱపుబండ్లను చేయుటలో పేరుపొందిరి. ఊరి పేరే బండికి వచ్చి, బండితోపాటు ఐరోపాయంతట తిరిగి ఇంగ్లీషులో చేరినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆక్స్‌ఫర్డు విద్యార్థులు తమ్ము పరీక్షను దాటించు ప్రైవేటు గురువునకు వేళాకోళముగా ఆ బండి పేరు పెట్టిరి. అటు పిమ్మట అది ఆటల మైదానమునకు దిగెను. 1974లో తిమోతీ గాల్వే టెన్నిసు ఆట నెపముగా వ్రాసిన పుస్తకము ఈ నూతన వృత్తికి మూలములలో ఒకటి. ఆటగానికి మెలకువలు నూరిపోయుట కంటె, అతడు చేయుచున్నదానిని అతడే గమనించునట్లు చేయుట మేలని ఆయన వాదము. నేటి లైఫ్ కోచ్ సలహా చెప్పువాడు కాడు, ప్రశ్న అడుగువాడు. ఇచ్చటనే మన పంతుళ్ల నవ్వు కొంచెము ఆగవలెను. ప్రశ్న అడిగి, జవాబు వచ్చువరకు ఊరకుండుట మనలో ఎందరికి చేతనగును?

మన దేశమున లైఫ్ కోచ్ అను బోర్డు కట్టుటకు ప్రత్యేకమైన లైసెన్సు అక్కరలేదు. అందుచేతనే ఈ రంగమున గట్టిగింజలకంటె తాలు హెచ్చు. 1995లో అమెరికాలో వెలసిన అంతర్జాతీయ సమాఖ్యయొకటి మూడు అంతస్తుల యోగ్యతలను ఏర్పరచినది. మొదటిదానికి 60 గంటల శిక్షణయు, 100 గంటల అనుభవమును కావలెను. రెండవదానికి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవము. మూడవదానికి అనుభవమే 2500 గంటలు. అనుభవములో అధికభాగము ప్రతిఫలము పుచ్చుకొని చేసినదై ఉండవలెనని నియమము. మొదటి అంతస్తున నూటికి 75 గంటలు, రెండవదానిలో 500కు 450.

లెక్క వేసి చూడుడు. చిన్న పట్టణమున వారమునకు మూడు గంటలు మాత్రమే రుసుము ఇచ్చువారు దొరికిరనుకొందము. 75 గంటలకు ఇరువదియైదు వారములు పట్టును. 450 గంటలకు నూటయేబది వారములు, అనగా దాదాపు మూడేండ్లు. అంతకాలము ఇల్లు గడుచుటకు వేరు ఆధారముండవలెను. ఆరు నెలలలో లక్షలు గడింపవచ్చునని ప్రకటించు శిక్షణ సంస్థలు ఈ గుణకారమును చూపవు.

ఆ నియమములలో ఒక ముచ్చటయైన వెసులుబాటు కలదు. ప్రతిఫలము నగదే కానక్కరలేదు. వస్తువైనను, మారుసేవయైనను చెల్లును. ఈ సంగతి చదివినపుడు నాకు మన అడవులలోని ప్రధానులు జ్ఞప్తికి వచ్చిరి. కిక్రి వాయించుచు గోండుల వంశగాథలను గానము చేయువారు ప్రధానులు. ఒక్కొక్క ప్రధాను కుటుంబమునకు కొన్ని గోండు కుటుంబములు తరతరములుగా పోషకులు. పెండ్లికి, చావునకు, దేవర కొలువునకు ప్రధాను రావలెను. "నీవెవరివాడవు, నీ పెద్దలెవరు" అని పాడి వినిపింపవలెను. అందులకు ధాన్యమో, వస్త్రమో, పశువో ముట్టును. ఆయనను లైఫ్ కోచ్ అనుట అపహాస్యమే యగును. ఆయన చేయునది పూజలో భాగము. కాని జీవిక మాట వరకు పోలిక చెల్లును. ఆయన రోజునకొక క్రొత్త మనిషిని వెదకుకొనడు. కొన్ని యిండ్లను జీవితాంతము కనిపెట్టి యుండును.

పట్టా పుచ్చుకొనిన మార్గదర్శకుల చరిత్ర కూడ ఈ జిల్లాలోనే కలదు. 1940లో జోడెఘాటు వద్ద కుమురం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల అసంతృప్తికి కారణము కనుగొనుటకై నిజాం ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియమించెను. వియన్నాలో జన్మించి, ప్రపంచ యుద్ధము వలన హైదరాబాదు రాష్ట్రమున ఉండిపోయినవాడాయన. భార్య బెట్టీతో కూడ మార్లవాయిలో కాపురము పెట్టి గోండీ మాటలాడ నేర్చెను. సాగుచేయు నేలకు పట్టా లేదు; కాగితము చదువగల గోండు దొరకుటయే అరుదు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసెను. మరాఠీ కొంచెము వచ్చిన యువకులను చేరదీసి, దేవనాగరి లిపిలో గోండీ వాచకములు సిద్ధపరచి, వారినే గురువులుగా తీర్చిరి. ఆ లిపి మరాఠీకి దారి యిచ్చును. కచ్చేరీ భాషయైన ఉర్దూ తరువాత వచ్చును. మొదటి అక్షరము మాత్రము తల్లి పలుకులోనే.

ఆ గురువుల యోగ్యత నేటి కొలతలలో స్వల్పమే. ఐనను వారిని ఊరు నమ్మెను. పిల్లవాడు ఇంట మాటలాడు భాషలో వారు మాటలాడిరి. హైదరాబాదులో ఇంగ్లీషున శిక్షణ పొంది వచ్చిన నేటి యువకుడు ఈ భాగమును రెండుమారులు చదువవలెనని నా కోరిక. ఆసిఫాబాదు ప్రాంతమున తెలుగు, గోండీ, మరాఠీ, ఉర్దూ, కొలామీ వినవచ్చును. పాఠములో నేర్చిన 'గోల్' అను మాటకు ఈ భాషలలో ఒక రైతుబిడ్డ ఏమని చెప్పుకొనునో కనుగొనుటయే మొదటి యేటి పని.

మార్లవాయి కథలో చేదు కూడ ఉన్నది. అచ్చటి గురువుల జీతము ప్రభుత్వపు బొక్కసము నుండి వచ్చెను. 1949లో హైమన్‌డార్ఫ్ ఈ రాష్ట్రపు కొలువు విడిచెను. ప్రభుత్వములు మారెను. గోండీ బోధన క్రమముగా అంతరించి, ఆ వాచకములు వాడుక తప్పెను. ఒకే పోషకునిపై నిలిచిన పని ఆ పోషకుని మనసు మారుటతోనే ఒరిగిపోవును. ఒక్క పాఠశాల యాజమాన్యమునో, ఒక్క కంపెనీనో నమ్ముకొని వృత్తి పెట్టువారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

నిలిచినది వేరొకటి. కేస్లాపూరు నాగోబా జాతరలో గిరిజనుల మొరలు అధికారులు ఎదుట కూర్చుండి వినునట్టి దర్బారు 1940 దశకమున ఆయన చొరవతోనే మొదలయ్యెను. బెట్టీ 1987లోను, ఆయన 1995లోను మరణించిరి. ఇద్దరి సమాధులును మార్లవాయిలోనే ఉన్నవి.

ఇక వృత్తిని గూర్చి రెండు మాటలు. ఎదుటివాడు చెప్పినది మూడవ చెవిని పడరాదు. చిన్న ఊరిలో ఇది కత్తిమీద సాము. ఎన్ని మారులు కలియుదురో, రుసుమెంతో, నడుమ మానుకొనిన ఏమగునో ముందే కాగితముపై ఉండవలెను. నిద్ర పట్టనివాడు, త్రాగుడు మానలేనివాడు, చావుమాట ఎత్తువాడు వచ్చినచో లైఫ్ కోచ్ పని అచ్చటితో సరి. వైద్యుని కడకు పంపవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము పెట్టిన టెలిమానస్ వారి 14416 సంఖ్యను దగ్గర నుంచుకొనవలెను. పోయిన గిరాకీని తలచి వెనుకాడువానికి బోర్డు తగదు.

రుసుము ఎంత అని అడుగుదురు. ఈ జిల్లాలో పత్తి చేతికి వచ్చి డబ్బు కనబడునది కార్తికము దాటిన పిమ్మట. నగరమునుండి నెలవారీ పట్టిక తెచ్చి గోడకు తగిలించినచో ఆషాఢములో గది ఖాళీగా ఉండును. పంటకు పంటకు పుచ్చుకొనుటయు, ఒకరికి గాక పదిమందికి కలిపి కూర్చుండబెట్టుటయు ఇచ్చట చెల్లగల పద్ధతులు. ఉద్యోగవిరమణ చేసిన పంతులొకడు ఈ విద్య నేర్చి వారమునకు రెండు సాయంకాలములు కూర్చుండినచో, యువకునికి మూడేండ్లు పట్టు పరిచయము ఆయనకు మొదటి దినముననే ఉండును. ఊరిలో సగముమంది ఆయన శిష్యులే గదా!