కొవ్వాడ అణు విద్యుత్ ప్రాజెక్టు

కొవ్వాడ అణు విద్యుత్ ప్రాజెక్టు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, శ్రీకాకుళం జిల్లా, రణస్థలం మండలంలో బంగాళాఖాతం ఒడ్డున నిర్మించడానికి ప్రతిపాదించబడిన అణు విద్యుత్ కేంద్రం. కేంద్ర ప్రభుత్వం 2009లో ఈ స్థలానికి సూత్రప్రాయమైన ఆమోదం తెలిపింది. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు రియాక్టర్లను, అనగా మొత్తం 7248 మెగావాట్ల కేంద్రాన్ని ఇక్కడ నెలకొల్పాలన్నది ప్రణాళిక. 2025 సంవత్సరాంతానికి కూడా రియాక్టరు నిర్మాణం మొదలు కాలేదు. అయితే కొవ్వాడ, రామచంద్రపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి గ్రామాల ప్రజలు పదిహేనేళ్ళకు పైగా ఈ ప్రాజెక్టు నీడలోనే జీవిస్తున్నారు. (ఈ టెక్కలి రణస్థలం మండలంలోని చిన్న గ్రామం. జిల్లా ఉత్తర భాగంలో ఉన్న టెక్కలి పట్టణం వేరు.)

ప్రాంతం, ప్రజలు

రణస్థలం, విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వెళ్ళే జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. కొవ్వాడ అక్కడి నుండి సముద్రం వైపున ఉంది. మండలం శ్రీకాకుళం జిల్లాలోనిదే అయినా, ఎచ్చెర్ల శాసనసభ నియోజకవర్గంలో భాగంగా విజయనగరం లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. కాబట్టి ఈ ప్రాజెక్టు గురించిన చర్చ మొదటి నుండీ రెండు జిల్లాలకూ చెందినదిగానే సాగింది.

తీరంలోని ఊళ్ళకు చేపలవేటే ఆధారం. లోపలి ఊళ్ళలో వ్యవసాయం, కూలిపనులు ప్రధానం. తెప్పలతోనూ, చిన్న మోటారు పడవలతోనూ ఒడ్డుకు దగ్గరగా వేటాడటం ఇక్కడి పద్ధతి. ఒడ్డున నిలబడి పలువురు కలిసి లాగే అలివి వల కూడా ఈ తీరమంతటా పరిచితమైనదే. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నప్పటికీ, పెద్ద పడవలు నిలుపుకోదగిన చేపలరేవు దశాబ్దాల తరబడి ఏర్పడలేదు. అందువలన ఈ తీరపు యువకులు వందల సంఖ్యలో గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలసపోయి, అక్కడి పడవలపై కూలికి వేటాడుతుంటారు. 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులకు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులు వెరావల్ పడవలపై పనిచేస్తున్నవారే. వారిలో ఎక్కువమంది 2020 జనవరిలో విడుదలయ్యారు. ప్రాజెక్టు వస్తే వలస తగ్గుతుందని చెప్పేవారూ, ఉన్న కొద్దిపాటి వేట కూడా పోతే వలస పెరుగుతుందని చెప్పేవారూ ఇదే అనుభవాన్ని ఉదాహరణగా చూపుతారు.

రణస్థలం మండలానికి పరిశ్రమలు కొత్త కాదు. పైడిభీమవరం చుట్టుపక్కల ఔషధ పరిశ్రమలు చాలాకాలంగా ఉన్నాయి. ఇదే జిల్లాలో బొగ్గు విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళనలలో 2010 జూలైలో సోంపేట వద్ద, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి వద్ద పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. కొవ్వాడ ప్రజల భయాలకు అణుధార్మికత ఒక్కటే కారణమనుకుంటే ఈ చరిత్రను విస్మరించినట్లవుతుంది.

ఉత్తరాంధ్రలో అణు విజ్ఞానం

కొవ్వాడ పేరు వినిపించడానికి చాలా ముందే ఉత్తరాంధ్రలో అణు విజ్ఞానం అడుగుపెట్టింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలో స్వామి జ్ఞానానంద నేతృత్వంలో అణుభౌతిక శాస్త్ర విభాగం రూపుదిద్దుకుంది. ఆధ్యాత్మిక సాధననూ, భౌతికశాస్త్ర పరిశోధననూ కలిపి సాగించిన ఈ పశ్చిమ గోదావరి జిల్లావాసి శిష్యుల ద్వారా ఈ శాస్త్రం తెలుగునాట వ్యాపించింది.

తీరపు ఇసుకకూ అణుశక్తితో సంబంధం ఉంది. శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు ప్రాంతాలలో ఒడ్డున నల్లగా మెరిసే ఇసుకలో ఇల్మెనైటు, గార్నెట్, సిల్లిమనైటు, జిర్కాన్ వంటి ఖనిజాలతో పాటు కొద్ది పాళ్ళలో మోనజైటు కూడా ఉంటుంది. మోనజైటులో థోరియం ఉంటుంది. హోమీ భాభా రూపొందించిన మూడు దశల అణు కార్యక్రమంలో థోరియం వినియోగం మూడవ దశకు చెందినది. ఆ దశ ఇంకా రాలేదు. కొవ్వాడకు ప్రతిపాదించిన రియాక్టర్లకు ఈ ఇసుకతో నిమిత్తం లేదు. వాటికి కావలసింది శుద్ధిచేసి గాఢత పెంచిన యురేనియం. దానిని విదేశాల నుండి తెచ్చుకోవాలి.

అణు పరిశ్రమ చుట్టూ పెరిగిన ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే గోదావరి ఒడ్డుకు వెళ్ళాలి. తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వాపురం వద్ద మణుగూరు భారజల కర్మాగారం 1991 నుండి పనిచేస్తున్నది. సింగరేణి బొగ్గు, గోదావరి నీరు రెండూ దగ్గరలో దొరకడం ఆ స్థల ఎంపికకు అనుకూలించాయి. ఉద్యోగుల కోసం గౌతమీనగర్ అనే కాలనీ, అందులో అణుశక్తి కేంద్రీయ పాఠశాల ఏర్పడ్డాయి. కొవ్వాడలో ప్రాజెక్టును కోరేవారి మనస్సులో ఉన్నది ఇటువంటి చిత్రమే. అయితే ఇటువంటి సంస్థలలో సాంకేతిక ఉద్యోగాలకు దేశమంతటి నుండీ ఎంపిక జరుగుతుంది. భూమి ఇచ్చిన కుటుంబాల పిల్లలకు అందులో స్థానం దక్కాలంటే వారి చదువు మీద ముందే శ్రద్ధ పెట్టాలి. ఈ సంగతి నష్టపరిహారం చర్చలలో తక్కువగా వినిపిస్తుంది.

ప్రాజెక్టు చరిత్ర

2005 జూలైలో భారత్, అమెరికాల మధ్య పౌర అణు సహకారంపై అవగాహన కుదిరింది. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం భారతదేశానికి మినహాయింపు ఇచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో ఒప్పందంపై సంతకాలు జరిగాయి. అమెరికా రియాక్టర్ల కోసం కేటాయించిన రెండు స్థలాలలో కొవ్వాడ ఒకటి. రెండవది గుజరాత్‌లోని మీఠీ విర్ది. మొదట కొవ్వాడను జీఈ-హిటాచీ సంస్థకు ఉద్దేశించారు.

అప్పుడు ముందుకు వచ్చిన చిక్కు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్నది. 2010లో పార్లమెంటు అణు నష్టానికి పౌర బాధ్యత చట్టాన్ని ఆమోదించింది. దీని ప్రకారం బాధితులకు పరిహారం చెల్లించవలసింది కేంద్రాన్ని నడిపే సంస్థ. దాని బాధ్యతకు పరిమితి 1500 కోట్ల రూపాయలు. అయితే లోపభూయిష్టమైన పరికరాల వలన ప్రమాదం జరిగినట్లయితే ఆ సొమ్మును సరఫరాదారు నుండి రాబట్టుకొనే హక్కును 17(బి) విభాగం కల్పించింది. 1984 నాటి భోపాల్ దుర్ఘటన జ్ఞాపకం ఈ నిబంధన వెనుక ఉంది. విదేశీ సంస్థలకు ఇది రుచించలేదు. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదం తరువాత వాదోపవాదాలు మరింత పెరిగాయి. ఈ చట్టం కింద భారతదేశంలో పెట్టుబడికి తాము సిద్ధంగా లేమని జీఈ అధిపతి 2015లో స్పష్టం చేశాడు.

మీఠీ విర్దిలో ప్రతిఘటన ఎదురు కావడంతో అక్కడికి అనుకున్న వెస్టింగ్‌హౌస్ సంస్థ ఏపీ1000 రియాక్టర్లను 2016లో కొవ్వాడకు మార్చారు. ఆ యేడు జూన్‌లో వెలువడిన భారత్-అమెరికా సంయుక్త ప్రకటనలో ఆరు రియాక్టర్ల ప్రస్తావన ఉంది. ఏడాది తిరగకుండానే, 2017 మార్చిలో, వెస్టింగ్‌హౌస్ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఆ సంస్థ తరువాత చేతులు మారి నిలదొక్కుకుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగ్ల్ వద్ద రెండు ఏపీ1000 రియాక్టర్లు ఏళ్ళ తరబడి ఆలస్యమై, మొదటి అంచనాలకు రెట్టింపుకు మించిన వ్యయంతో 2023, 2024లలో వినియోగంలోకి వచ్చాయి. సౌత్ కరోలినాలో మరి రెండింటి నిర్మాణాన్ని 2017లో మధ్యలోనే వదిలేశారు. చైనాలో మాత్రం నాలుగు ఏపీ1000లు 2018 నుండి నడుస్తున్నాయి. కొవ్వాడలో యూనిట్ విద్యుత్తు ధర ఎంత ఉండవచ్చునన్న ప్రశ్నకు ఈ అనుభవాలే ఆధారం. కేంద్ర ఇంధన శాఖ మాజీ కార్యదర్శి ఈ.ఏ.ఎస్. శర్మ వంటివారు భద్రతతో పాటు ఈ ఖర్చు విషయాన్ని కూడా పదేపదే లేవనెత్తారు.

రియాక్టరు, సముద్రం

ఏపీ1000 మామూలు నీటితో పనిచేసే రియాక్టరు. దీనికి మణుగూరు భారజలంతో పని లేదు. ప్రమాద సమయంలో విద్యుత్తు, పంపులు లేకపోయినా సుమారు 72 గంటలపాటు దానంతట అదే చల్లబడే ఏర్పాటు దీని ప్రత్యేకత. కవచ భవనం పైభాగాన పెద్ద నీటి తొట్టి ఉంటుంది. అవసరమైనప్పుడు ఆ నీరు భూమ్యాకర్షణ చేత కిందికి ప్రవహిస్తుంది. ఫుకుషిమాలో కరెంటు పోయి పంపులు ఆగిపోవడమే అనర్థానికి దారితీసింది గనుక ఈ ఏర్పాటు విలువ తేలికగా అర్థమవుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుపాన్లు తాకిన తీరంలో కరెంటు రోజుల తరబడి లేకపోవడం ఊహకందని విషయం కాదు.

జాలరుల దృష్టిలో మరింత ముఖ్యమైనది నిత్యం జరిగే వ్యవహారం. ఒక్కొక్క ఏపీ1000 రియాక్టరులో పుట్టే ఉష్ణశక్తి 3400 మెగావాట్లు. అందులో సుమారు మూడోవంతే విద్యుత్తుగా మారుతుంది. ఆరింటికీ లెక్కవేస్తే సుమారు 13 వేల మెగావాట్ల వేడి మిగిలిపోతుంది. దీనిని సముద్రంలోకే వదలదలిస్తే, తీసుకున్న నీటి కంటే వదిలే నీరు 7 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కరాదన్న పరిమితి ప్రకారం సెకనుకు సుమారు 450 ఘనపు మీటర్ల నీటిని తోడవలసి ఉంటుంది. అది దాదాపు 16 వేల క్యూసెక్కులు, అనగా ఒక మోస్తరు నది వరద కాలంలో మోసే నీటితో సమానం. ఆ నీటితోపాటు చేపగుడ్లు, పిల్లచేపలు గొట్టాలలోకి పోతాయి. వెచ్చని నీరు కలిసేచోట కొన్ని రకాల చేపలు తొలగిపోతాయి, కొన్ని చేరుతాయి. ఒడ్డుకు దగ్గరగా వేటాడే చిన్న తెప్పలవారికి ఈ మార్పు వెంటనే తెలుస్తుంది. దూరం వెళ్ళగల మరపడవలవారికి అంతగా తెలియదు.

భద్రతా నియమాల వలన కూడా జీవనం మారుతుంది. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం రియాక్టరు చుట్టూ కనీసం ఒక కిలోమీటరు మేర నివాసాలు ఉండరాదు. 5 కిలోమీటర్ల వరకు జనాభా సహజంగా పెరగవచ్చును గాని, పెద్ద ఎత్తున కొత్త అభివృద్ధికి అనుమతి ఉండదు. 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక సిద్ధంగా ఉంచాలి. కాబట్టి ఖాళీ చేసే ఊళ్ళకు పరిహారం, పునరావాసం ఉంటాయి. గీతకు కొద్ది దూరంలో మిగిలిపోయే ఊళ్ళకు అవేవీ ఉండవు, ఆంక్షలు మాత్రం ఉంటాయి.

భూమి, పునరావాసం

ప్రాజెక్టుకు కావలసిన భూమి సుమారు 2 వేల ఎకరాలు. ఇందులో పట్టా భూములు, ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములు, ప్రభుత్వ భూములు ఉన్నాయి. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం ప్రకారం గ్రామీణ ప్రాంతాలలో మార్కెట్ విలువను ఒకటి నుండి రెండు రెట్ల వరకు లెక్కగట్టి, దానికి నూరు శాతం ఓదార్పు సొమ్ము కలుపుతారు. నిర్వాసిత కుటుంబానికి ఇల్లు, ఏడాదిపాటు నెలకు 3 వేల రూపాయల జీవనభృతి, రవాణాకు 50 వేలు, ఉద్యోగం లేదా 5 లక్షలు లేదా ఇరవై ఏళ్ళపాటు నెలకు కనీసం 2 వేల భృతి అన్నవి చట్టంలోని ఇతర అంశాలు.

భూమి లేకపోయినా నీటి వనరుపై మూడేళ్ళుగా ఆధారపడిన కుటుంబాన్ని ఈ చట్టం బాధిత కుటుంబంగానే గుర్తిస్తుంది. జాలరులకు ఇది ఊరట. అయితే చేపల హక్కుల గురించి చట్టపు షెడ్యూలు చెప్పేది సాగునీటి, జలవిద్యుత్ జలాశయాలకు మాత్రమే. సముద్రానికి పట్టా లేదు. దానిని కోల్పోయినవారికి ఎకరం లెక్కన వెల కట్టే పద్ధతి చట్టంలో లేదు. ఒడ్డున ఇల్లు ఉన్న జాలరి తెల్లవారుజామున గాలి వాలు, అల తీరు, నీటి రంగు చూసి వేటకు వెళ్ళాలో వద్దో నిర్ణయించుకుంటాడు. పునరావాసానికి పరిశీలించిన ఎచ్చెర్ల మండలం ధర్మవరం తీరానికి లోపలగా ఉంది. అక్కడి ఇంటి విలువను ఒడ్డున ఉన్న ఇంటి విలువతో పోల్చడం అందుకే కష్టం.

ప్రాథమిక ప్రకటన వెలువడిన తరువాత కలెక్టరు అనుమతి లేకుండా ఆ భూమిపై అమ్మకాలు, తాకట్లు జరపరాదని ఇదే చట్టం చెబుతుంది. కూతురి పెళ్ళికో, కొడుకు చదువుకో పొలం అమ్ముకొనే గ్రామంలో ఈ ఒక్క నిబంధన ఎంత దూరం పోతుందో వేరే చెప్పనక్కరలేదు. పోయే ఊరికి కొత్త ఇల్లు కట్టుకోవాలా, ఉన్న ఇంటికి మరమ్మతు చేయించాలా అన్న సందేహం కూడా అటువంటిదే.

తరువాతి పరిణామాలు

2025-26 కేంద్ర బడ్జెట్టులో 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ సామర్థ్యం లక్ష్యంగా ప్రకటించారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ అనే సంక్షిప్త నామంతో కొత్త అణు చట్టాన్ని ఆమోదించింది. ఇది 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి బాధ్యత చట్టాల స్థానంలో వచ్చినది. ప్రైవేటు సంస్థలకు అణు విద్యుత్ రంగంలో ప్రవేశం కల్పించింది. 17(బి) వంటి నిబంధన ఇందులో లేదు. ఒప్పందంలో స్పష్టంగా రాసుకున్నప్పుడే సరఫరాదారు నుండి సొమ్ము రాబట్టుకొనే వీలుంటుంది. కొవ్వాడను పదేళ్ళకు పైగా ఆపిన ప్రధాన అడ్డంకి దీనితో తొలగిందని ప్రాజెక్టును సమర్థించేవారు భావిస్తున్నారు. భోపాల్ అనుభవం నుండి పుట్టిన రక్షణ పోయిందని వ్యతిరేకించేవారు అంటున్నారు. ధర, వ్యయ విభజన, నిర్మాణ ఒప్పందం వంటి విషయాలు తేలిన తరువాతే తుది అనుమతి వస్తుంది. అంతవరకు ప్రభుత్వ పత్రాలలో కొవ్వాడ హోదా 2009లో ఉన్నదే: సూత్రప్రాయమైన ఆమోదం.