మట్టిపరీక్షా యంత్రములు – కంప్యూటరు

విశాఖపట్టణపు తీరమందలి రైతులకు చౌడు క్రొత్త కాదు. పాలచౌడు మంచినీట కడిగిన పోవును. కారుచౌడునకు జిప్సము వలయును. ఉదజనిసూచిక 8.5 మించినచో కారుచౌడని యెంచుదురు. గుమాస్తా 8.7ను 7.8గా వ్రాసెనా, రైతు పైరును, సొమ్మును నష్టపోవును. అనకాపల్లి చెఱకు పరిశోధనాస్థానము 1913లో వెలసిననాడు అంకెలన్నియు చేతివ్రాతయే. ఇప్పుడు మాపకమును తీగెతో కంప్యూటరునకు జోడింపవచ్చును.

మట్టి కలిపిన నీట ముంచిన కడ్డీ, సూచిక ఒక్క అంకె మారిన, 25 డిగ్రీల వేడిమియందు సుమారు 59 మిల్లీవోల్టుల తేడా చూపును. మాపకము దానిని అంకెగా మార్చి తీగెవెంట పంపును. మాపకము పంపు తీగె కంప్యూటరు అందుకొను తీగెకు చేరవలయును. ఇరువైపుల వేగ మొకటే కావలయును. ఇది సెకనుకు 9600 బిట్లు పంపగా అది వేరొక వేగమున అందుకొనిన, పిచ్చిగుర్తులే పడును.

కడ్డీ తప్పు చెప్పిన కంప్యూటరు ఆ తప్పునే చక్కగా వ్రాసికొనును. కావున దినదినము 4, 7, 9.2 సూచికలుగల ద్రావణములలో కడ్డీని సరిచూడవలయును. ఏ మన్ను ఏ చేనిదో యంత్ర మెఱుగదు. సంచిలో సర్వేనంబరు చీటి యుంచుడు.