హెచ్చరిక తగిలించినా ఆగని అబద్ధం

2018 వేసవిలో గద్వాల, వనపర్తి జిల్లాల పల్లెల్లో జనం ఉక్కపోతలోనూ ఆరుబయట పడుకోవడం మానేసి తలుపులు బిగించుకున్నారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో తిరిగిన భయంకరమైన వీడియోలే కారణం. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లకు ఊళ్లు అప్పగించారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లారు, జనంతో పరిచయం పెంచుకున్నారు. జానపద కళాకారులు డప్పు కొట్టి పాటలతో చెప్పారు. దేశంలో పలుచోట్ల ఇవే పుకార్లు మూకదాడులకు, హత్యలకు దారితీసిన ఆ ఏడాది, ఆమె పరిధిలోని సుమారు 400 గ్రామాల్లో ఒక్క ప్రాణమూ పోలేదు.

అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. సందేశంలో ఏముందో చూసి ఆపడం మాత్రం కంపెనీకి కష్టం. 2016 నుంచి సందేశాలన్నీ గుప్తలిపిలోనే వెళ్తున్నాయి కనుక, ఒక పల్లె గ్రూపులో ఎన్నికల వేళ తిరిగే ఫార్వర్డ్‌ను అది చదవలేదు.

మరి చదవగలిగే చోట? ఫేస్‌బుక్ 2016 డిసెంబరులో వివాదాస్పద వార్తల పక్కన ఎర్రటి హెచ్చరిక పెట్టి, ఏడాదికే తీసేసింది. అలాంటి గుర్తు మనిషి నమ్మకాన్ని మరింత గట్టిపరచవచ్చని కంపెనీయే ఒప్పుకుంది. 2020 అమెరికా ఎన్నికలప్పుడు ట్రంప్ ట్వీట్లు కొన్నింటికి ట్విట్టర్ హెచ్చరిక తగిలించింది, కొన్నింటిని పంచుకోకుండా ఆపింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనిస్తే, అలా ఆపిన సందేశాలే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, రెడిట్‌లలో మిగతావాటికన్నా ఎక్కువగా తిరిగాయి. ఆపడం వల్లే తిరిగాయని మాత్రం వాళ్లు తేల్చలేదు. అవి మొదటినుంచీ జనాన్ని ఎక్కువగా లాగే సందేశాలు కావచ్చు.

ఇంతకన్నా చాటుగా జరిగే నష్టం ఇంకొకటి ఉంది. కొన్ని అబద్ధాలకే హెచ్చరిక ఉంటే, ఏ హెచ్చరికా లేని అబద్ధాలు నిజమేనేమో అనిపిస్తాయి. పరిశోధకులు గోర్డన్ పెన్నీకుక్, డేవిడ్ రాండ్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఇదే. కొన్ని నిజాలకు కూడా ‘సరిచూసినది’ అని గుర్తు పెడితే ఆ భ్రమ పోయింది. రోజూ లక్షల పోస్టులు పుట్టే చోట అన్నింటినీ సరిచూసే మనుషులు ఎక్కడున్నారు?

అలాగని ఏ దిద్దుబాటైనా బెడిసికొడుతుందనుకోవడం పొరపాటు. పరిశోధకులు థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ పదివేల మందికి పైగా అమెరికన్లను 52 అంశాలపై పరీక్షించి చూస్తే, నిజం చెప్పాక మూర్ఖంగా ఎదురుతిరగడం దాదాపు కనబడలేదు.

చిక్కు సొంత పార్టీ దగ్గరే. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల పుకారుకు పార్టీ లేదు. అది అబద్ధమని పోలీసు చెబితే ఎవరి అభిమానమూ దెబ్బతినదు. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు పరిశోధకురాలు సుమిత్ర బద్రీనాథన్ బీహార్‌లో 1,224 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్లకు వెళ్లి, గంటసేపు ఎదురుగా కూర్చొని తప్పుడు వార్తలను ఎలా పట్టుకోవాలో నేర్పించారు. మొత్తమ్మీద చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పైగా బీజేపీ అభిమానుల్లో, తమ పార్టీకి అనుకూలమైన అబద్ధాలను పట్టుకునే శక్తి తగ్గింది. మనిషి ఇంటికొచ్చి ఓపికగా నేర్పితేనే ఇలా జరిగినప్పుడు, తెర మీది రెండు మాటల హెచ్చరికతో పని అయిపోతుందని కంపెనీలు ఆశించడం అత్యాశే.