మూడు వేళ్ళ కొలత

చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, ఈ మూడింటిని చేర్చి నిలువుగా పై పళ్ళకు, క్రింది పళ్ళకు మధ్య పెట్టుకొనగలిగితే నోరు సరిగా తెరచుకొంటున్నదని అర్థము. ఇందుకు వైద్యుడు అక్కరలేదు, పరికరము అక్కరలేదు. వేళ్ళు రెండే పట్టి, కూరలోని కారమునకు లోగడ లేని మంట బుగ్గలలో పుడుతూ ఉంటే మాత్రము, ఆ మనిషికి పంతొమ్మిదేండ్లే అయినా సరే, దంతవైద్యుని చూడవలసిన సమయము వచ్చినదన్నమాట.

అండమాన్ నికోబార్ దీవుల కళాశాలలలో చదువుకొనే యువతీయువకులకు ఈ కొలత తప్పక తెలిసి ఉండవలెను. కారణము దీవుల తోటలలోనే ఉన్నది. కొబ్బరితోపాటు పోక అక్కడి ముఖ్యమైన తోటపంట. నికోబారీల జీవితములో తమలపాకు, వక్క, సున్నము అనాదిగా ఉన్నవి. బెంగాలు నుండి, తమిళనాడు నుండి, ఆంధ్రతీరము నుండి వచ్చి స్థిరపడినవారు తమ తమ తాంబూలపు అలవాట్లను వెంట తెచ్చుకొన్నారు. దానికి పొగాకు తోడైనది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఈ దీవులలో పదిహేనేండ్లు నిండిన పురుషులలో సగానికి పైగా, స్త్రీలలో పదిమందికి ముగ్గురు ఏదో ఒక రూపములో పొగాకు వాడుతున్నారు.

“పొగాకు ముట్టను, వట్టి వక్కే కదా!” అనే సమాధానము విద్యార్థుల నోట తరచుగా వినవచ్చేదే. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథములో, పొగాకు కలియని వక్కను సైతము మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థముల జాబితాలో చేర్చినది. వక్కలోని రసాయనములు బుగ్గ లోపలి మెత్తని పొర క్రింద నారవంటి కణజాలమును పెంచుతవి. పొర తెల్లబారి, బిగిసి, క్రమముగా నోరు తెరచుకొనడమే కష్టమవుతుంది. తూర్పు ఆఫ్రికాలో నివసించే భారతీయ స్త్రీలలో ఈ వ్యాధిని గమనించి 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు తొలిసారి వర్ణించినాడు. కేరళలోని ఎర్నాకుళం ప్రాంతములో 66 మంది రోగులను పదిహేడేండ్లపాటు గమనించిన అధ్యయనము 1985లో వెలువడినది, వారిలో 7.6 శాతము మందికి అది క్యాన్సరుగా పరిణమించినది. బిగిసిన పొర మరల పూర్వపు మెత్తదనమును పొందడము అరుదు. అయితే నమలడము మానివేస్తే వ్యాధి ముదరకుండ నిలిచే అవకాశము ఎక్కువ. అందుచేతనే మూడు వేళ్ళు రెండున్నర అవుతున్నపుడే మేలుకొనడము ముఖ్యము.

ఈ విషయములో దీవులలోని తెలుగువారికి ప్రత్యేకమైన ఒక వారసత్వమున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము అక్కడ సుమారు 13 శాతము మందికి తెలుగు మాతృభాష. వారిలో అనేకులు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరముల నుండి చేపలవేటకై, కూలికై వెళ్ళినవారి సంతతి. ఆ తీరమున చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొనను నోటిలోపల పెట్టుకొని పీల్చే అడ్డపొగ అలవాటు స్త్రీలలో మిక్కుటముగా ఉండేది. ఆంధ్రదేశములోని 10,169 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి, అడ్డపొగ వలన అంగిలికి కలిగే హానిని వివరించిన అధ్యయనము 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ప్రచురితమైనది. ఆ అవ్వల మనుమలు చుట్టను చూచి నవ్వవచ్చును. జేబులో పొట్లమును మాత్రము దాచుకొంటారు. చుట్ట వాసన ఇల్లంతా చాటుతుంది. పొట్లము చప్పుడు చేయదు. విద్యాసంస్థలకు నూరు గజముల లోపల పొగాకు ఉత్పత్తులను అమ్మరాదని 2003 నాటి చట్టము నిషేధించినది గాని, నూటొకటవ గజము వద్ద దుకాణము పెట్టుకొనుటకు అడ్డులేదు!

వక్క నమలనివారికి భయము లేదని కాదు. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనబడి, నేడు శ్రీ విజయపురముగా వ్యవహరింపబడుతున్న రాజధానిలో, 1967లో వెలసిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయమున్నది. డిగ్లీపూర్ వంటి దూరపు ఊళ్ళ నుండి, సముద్రము దాటి కార్ నికోబార్ నుండి చదువుకై రాజధానికి వచ్చేవారికి ఇల్లు దూరము, ఖర్చుకు వెరపు. పుచ్చుపన్ను నొప్పి పెడితే ఒక మాత్ర వేసుకొంటారు. కొన్నాళ్ళకు నొప్పి తనంతట తానే పోతుంది. నయమైనదని సంతోషించరాదు, పంటిలోని నరము చచ్చిపోయి ఉండవచ్చును. చీము వేరుకొన నుండి దవడలోనికి నిశ్శబ్దముగా దిగుతుంది. ఇక నొప్పి మాత్రను నలిపి చిగురుపై అద్దే పద్ధతి మరీ ప్రమాదకరము. ఆస్పిరిన్ చిగురును కాల్చివేస్తుంది.

కళాశాల వయస్సులోనే, సుమారు పదిహేడు నుండి ఇరువదియైదేండ్ల మధ్య, జ్ఞానదంతము వస్తుంది. చోటు చాలక అది సగము చిగురు క్రిందనే నిలిచిపోతే ఆ మడతలో ఆహారము ఇరుక్కొని వాస్తుంది. పరీక్షల ముందే రావడము దానికొక దురలవాటు కాబోలు! గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత కొంత ఉపశమనమిస్తుంది. దవడ క్రింద వాపు దిగి, మ్రింగుటకు గాని, ఊపిరి తీయుటకు గాని కష్టమైతే గంట కూడ ఆలస్యము చేయరాదు. సెలవులకు ఓడ ఎక్కబోయే విద్యార్థి, బయలుదేరుటకు వారము ముందే పళ్ళు చూపించుకొనడము మేలు. నడిసముద్రములో దంతవైద్యుడు దొరకడు.

ఏడాదికొకసారి కళాశాల సభామందిరములో బ్రష్షు త్రిప్పవలసిన తీరును చూపే ప్రదర్శనలు మంచివే. కాని అది చిన్నబడిలో పూర్తి కావలసిన పాఠము. ఫ్లోరైడు పేస్టుతో రెండు పూటలా తోముకొనడము, బొగ్గు, ఇటుకపొడి మానడము అని చెప్పితే చాలును. ఈ వయస్సువారికి అంతకంటె అవసరమైనది మైదానములో పన్ను ఊడినపుడు చేయవలసిన పని.

ఫుట్‌బాల్ ఆటలోనో, మోటారు సైకిలు జారిపడో ముందరి పన్ను సమూలముగా ఊడివస్తే, దానిని తెల్లని భాగము వద్దనే పట్టుకొనవలెను. వేరును తాకరాదు, రుద్దరాదు. మట్టి అంటితే పాలతో గాని, అవి లేనిచో మంచినీటితో గాని కొద్ది క్షణములు తొలిపి, వెంటనే దాని గుంటలోనే నిలిపి, శుభ్రమైన రుమాలు కరచిపట్టి ఆసుపత్రికి వెళ్ళవలెను. వేరును అంటిన సజీవ కణములు ఆరిపోతే పన్ను నిలిచే ఆశ తగ్గుతుంది. అరగంటలోపు చేరితే అవకాశము మెండు. గుంటలో పెట్టుట సాధ్యము కాకపోతే పన్నును పాలలో ఉంచవలెను. అడుగడుగున కొబ్బరి ఉన్న దీవులలో కొబ్బరినీరు పనికిరాదా అనే ప్రశ్న సహజమే. చెన్నై పరిశోధకులు 2008లో దానిని మెచ్చుకొన్నారు గాని, దానిలోని ఆమ్లత్వము కణములకు మంచిది కాదని తరువాతి పరిశోధనలు కొన్ని తేల్చినవి. అందుచేత పాలే ఉత్తమము. పాలు దొరకనిచోట దెబ్బ తగిలినవాడు ఒక గ్లాసులో ఉమ్మివేసి, ఆ లాలాజలములో పన్నును మునిగేటట్లుంచి తీసుకొనిపోవచ్చును.