మేఘములలో విమానచోదకుడు

బడి ఆవరణలో పిల్లలు గిరగిర తిరుగుచు ఆడుకొనుట అందరును చూచియే యుందురు. తిరిగి తిరిగి చటుక్కున ఆగిన బాలునకు తాను ఆగినను లోకము తిరుగుచున్నట్లే తోచును. నేలపై ఇది వినోదము. ఆకాశమున విమానము నడుపువానికి ఇట్టి భ్రమయే కలిగినచో ప్రాణాపాయము.

ఈ భ్రమకు కారణము చెవిలో నున్నది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళములు కలవు. వానినిండ ద్రవముండును. తల తిరిగినపుడు నాళము వెంటనే తిరుగును. ద్రవము మాత్రము జడత్వముచే వెనుకబడును. ఆ తేడాచే నాళములోని సన్నని రోమములు వంగి, తిరుగుచున్నామను వార్తను మెదడునకు పంపును. ఒకే వేగముతో తిరుగుట సుమారు 20 సెకండ్లు సాగినచో ద్రవము కూడ నాళముతో సమానముగా తిరుగును. రోమములు మరల నిటారుగా నిలుచును. అప్పుడు తిరుగుచున్నను, తిరుగుట లేదనియే తోచును.

నేలపై ఈ పొరపాటును కన్ను దిద్దును. మేఘములో చొచ్చిన చోదకునకు దిగంతము కనబడదు. విమానము మెల్లగా ఒక ప్రక్కకు ఒరిగి తిరుగసాగినను అతడు గ్రహింపలేడు. ఆసనముపై బరువు నేరుగా నొక్కుచున్నట్లే యుండుటచే ఒడలికిని ఆ ఒరుగుదల తెలియదు. కాని ఒరిగిన రెక్కల బలములో కొంత భాగమే విమానపు బరువును మోయును. ఆ బలము మారకున్నచో, 60 డిగ్రీల ఒరుగుదలలో ఆ భాగము సగమే. అందుచే విమానము దిగజారి వేగము హెచ్చును. చోదకుడు ఒరుగుదలను సవరింపక ముందుభాగమును పైకెత్తబోవును. వలయము మరింత బిగియును. విమానము సుడి తిరుగుచు నేలకు దిగును.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు ఈ విషయమును పరీక్షించిరి. పరికరములను చూచి నడుపుటలో శిక్షణ లేని 20 మందికి, బయటి దృశ్యము కనబడకుండ చేసి, విమానము నప్పగించిరి. ఇరువదిమందియు అదుపు కోల్పోయిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు. మూడు నిమిషములైన కాదు! వారిలో 19 మంది పైన చెప్పిన సుడిలోనే పడిరి.

పరీక్ష అంతటితో ముగియలేదు. తొట్రుపడక, పరికరములను నమ్మి, వచ్చిన దారినే వెనుకకు మరలు పద్ధతిని వారికి నేర్పిరి. పిదప జరిపిన 60 ప్రయత్నములలో 59 సఫలమయ్యెను. చెవి మారలేదు, శిక్షణయే తేడా. వేగముగా తిరుగు గైరోస్కోపు తన అక్షపు దిశను తేలికగా విడువదు. దాని సాయముతో పనిచేయు పరికరము చెవివలె మోసపోదు. కాని చెవి ఒకటి, పరికరము మరొకటి చెప్పినపుడు పరికరమునే నమ్ముట అభ్యాసముచే గాని అలవడదు.

1999 జూలై 16 రాత్రి మసకమంచులో అట్లాంటిక్ సముద్రముపై విమానము నడుపుచున్న జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్, మరి యిద్దరు ప్రయాణికులు మరణించిరి. చీకటిలో, మసకలో దిక్కు భ్రమించి అతడు అదుపు కోల్పోయెనని విచారణలో తేలెను.

నేర్చిన విద్యయైనను వాడనిచో మరుగున పడును. అందుకే అమెరికాలో ప్రైవేటు చోదకుడు సాధారణముగా 24 నెలల కొకసారి శిక్షకునితో కనీసము ఒక గంట పాఠము, ఒక గంట విమానయానము జరుపవలెను. ప్రయాణికుల నెక్కించుకొనవలెనన్న, గడచిన 90 దినములలో మూడుసార్లయిన ఎగిరి దిగియుండవలెను. ఇవి కనీసపు నిబంధనలు మాత్రమే. లైసెన్సు చేతికి వచ్చిన దినమున చదువు ముగిసినదనుకొనువానికి మేఘము మూడు నిమిషముల గడువైన ఈయదు.